తిరగలి గుర్తు రెండుసార్లు

ఆ ఆఫీసులో అందరూ ఆవిడను గుర్తులమ్మ అనేవారు. కన్నతల్లి పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆవిడ రాసే ప్రోగ్రాముల్లో అక్షరాలు తక్కువ, గుర్తులు ఎక్కువ. త్రికోణాలు, సున్నాలు, బాణాలు, కొక్కేలు, మూత ఊడిన పెట్టెల్లాంటివి, అదంతా ఒక వింత లోకం. పక్క హాల్లో పనిచేసే కుర్రకారు ఎప్పుడైనా ఆవిడ వెనక నిలబడి తెర వైపు తొంగి చూసేవారు.

"ఇది ప్రోగ్రామా అమ్మా, సిరాలో పడిన చీమలు లేచి నడిచాయా?"

"నేనే ముంచి వదిలాను నాయనా. అవి ఇల్లు చేరేలోపు నువ్వెళ్ళి నీ పని చూసుకో."

వాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. ఆవిడా నవ్వేది. అక్కడితో సరి. ఆ చీమలు ఎటు పోతున్నాయో అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఉద్యోగాలు మానేసి ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళకు నెలనెలా ఎంత పెన్షను రావాలో లెక్కగట్టడం ఆ ఆఫీసు పని. లెక్కలన్నీ ఒక పాత ప్రోగ్రాము మీద నడుస్తాయి. దాన్ని రాసినాయన మాస్టారు. ఆయన బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. ఉన్న ఇద్దరిలో పెద్దాయన, రెండో మనిషికి పని నేర్పినాయన, అందుకని మాస్టారయ్యాడు. ఆ రెండో మనిషి గుర్తులమ్మ. భవనం మొత్తం మీద ఆ గుర్తుల భాష వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

వరండా చివర వాళ్ళ గది. రెండు బల్లలు, వాటి మధ్య ఛాతీ ఎత్తు చెక్క అడ్డు. కిటికీ ఉందన్న పేరే గానీ తెరిస్తే ఎదురుగా గోడ, గోడ మీద నీళ్ళ గొట్టం. ఇవతల కూర్చుంటే అవతలి మనిషి నడినెత్తి మాత్రం కనిపిస్తుంది. మాస్టారి నడినెత్తి మీద జుట్టు నల్లగా ఒత్తుగా ఉన్న రోజుల నుంచి, నున్నగా లైటు మెరిసే రోజుల దాకా ఆవిడ చూస్తూనే వచ్చింది. మొహం చూసిన దానికన్నా ఆ నడినెత్తి చూసిందే ఎక్కువేమో.

గుర్తులకు పుస్తకాల్లో ఏవో నోరు తిరగని పేర్లున్నాయి. వాళ్ళిద్దరూ ఆ పేర్లు ఏనాడూ వాడలేదు. నిలువు కర్ర గుచ్చిన త్రికోణం గొడుగు. అదే తలకిందులైతే బొంగరం. పొడుగు కాడ కిందికి దిగిన సున్నా గరిటె. నడుమ నిలువు గీత దిగిన గుండ్రం తిరగలి. గొడుగు పెడితే వరసలో చిన్నవి ముందు నిలబడతాయి, బొంగరం పెడితే పెద్దవి ముందు నిలబడతాయి. తిరగలి పెడితే వరస మొత్తం తిరిగిపోతుంది, తల ఉన్న చోటికి తోక వస్తుంది. గరిటె పెడితే ముందు నుంచి అడిగినన్ని తోడి ఇస్తుంది. ఇక దీపం గుర్తు ఒకటుంది. దాని తరవాత ఏం రాసినా యంత్రం పట్టించుకోదు. అక్కడి నుంచి రాసేదంతా మనిషి చదువుకోవడానికే.

ఇద్దరి మధ్యా ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే రాగానే పలకరింపులూ, బాగున్నారా అనుకోవడాలూ ఏమీ లేవు. ఆయన సంచీ కుర్చీకి తగిలించి, కూర్చుని, ఒక్క వరస ప్రోగ్రాము రాసి ఆవిడ తెర మీదకు పంపేవాడు. ఆ వరసలో ఎక్కడో ఒక చోట అక్కర్లేని సరుకు దాచేవాడు. తీసేసినా జవాబు మారదన్నమాట. అదేదో పట్టుకుని, తీసేసి, వరసను పొట్టి చేసి తిరిగి పంపాలి. ఆయన వరస చివర దీపం గుర్తు పెట్టి దాని వెనక ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీలో ఆవిడ ఒక ముక్క రాయాలి. "దొరికింది" అనో, "ఇవాళ వాన" అనో, "టీ చల్లారిపోతోంది తాగండి" అనో. అప్పుడు అడ్డు వెనక నుంచి చిన్న దగ్గు వినిపించేది. ఆ దగ్గుతో రోజు మొదలయ్యేది.

మొట్టమొదటి రోజు ఇచ్చిన వరస ఆవిడకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. వయసుల వరస తీసుకో, తిప్పు, మళ్ళీ తిప్పు, ముందున్న అయిదూ ఇవ్వు. మధ్యాహ్నం భోజనానికి లేచేదాకా దాని ముందు దిష్టిబొమ్మలా కూర్చుంది. కొత్త ఉద్యోగం, కొత్త గది, అరచేతుల్లో చెమట. చివరికి మాస్టారే అడ్డు మీద నుంచి తల పైకెత్తి, "తిప్పినదాన్ని మళ్ళీ తిప్పితే ఏమవుతుందమ్మా?" అన్నాడు.

"ఎక్కడిదక్కడికే వస్తుందండీ."

"మరి ఆ రెండు తిరగళ్ళూ అక్కడ ఏం విసురుతున్నాయి?"

అంత సిగ్గు ఆవిడ తన పెళ్ళిచూపుల్లో కూడా పడలేదు. ఆ పెళ్ళి ఎంతో కాలం నిలవలేదు, అది వేరే కథ. ఈ గది మాత్రం నిలిచింది.

అట్లాంటి గదిలో మాస్టారి కుర్చీ ఖాళీ అయిపోయింది. వానలు మొదలైన రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏం చెప్పాలన్నా "అదే, అదే" అనే రెండు ముక్కలే నోటికొస్తాయి. నీళ్ళు కావాలన్నా అదే, దీపం ఆర్పమన్నా అదే.

గుర్తులమ్మకు ఆఫీసులో పనికేం కొదవ లేదు. ప్రోగ్రాము ఒంటరిగానే చూసుకోగలదు. కానీ పొద్దున్నే వచ్చి కూర్చుంటే తెర మీద ఏమీ ఉండదు. అడ్డు వెనక నుంచి ఆయన పాత కీబోర్డు చప్పుడు ఉండదు. అది మామూలు చప్పుడా, రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. ఇంత కాలం చెవిలో జోరీగ అని విసుక్కున్న మనిషే, ఇప్పుడు తన మీటల చప్పుడు తనకే పెద్దగా వినిపించి, వేళ్ళు మెల్లగా ఆనించేది. ఒక రోజు తనే ఒక వరస రాసి, అందులో తనే అక్కర్లేనిది దాచి, తనే తీసేసింది. చక్కిలిగింతలు తనకు తనే పెట్టుకున్నట్టయింది. మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

ఆవిడకు కావలసింది ఒక్కటే. పొద్దున్నే ఆ ఒక్క వరస.

మాస్టారిని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఎడమ చెయ్యి వైపు చూసేది. దుప్పటి మీద ఆ చేతి వేళ్ళు ఊరుకునేవి కావు. ఒకటి తరవాత ఒకటి లేచి పడుతుండేవి.

"అది ఈయనకు కొత్తగా వచ్చిన రోగం" అనేది మాస్టారి భార్య. గుర్తులమ్మ ఆవిడను అక్కయ్యా అని పిలిచేది. "పొద్దస్తమానం మంచానికి తబలా వాయిస్తారు. నేనూ వాయించాను కొన్నాళ్ళు, తాళం కుదర్లేదు."

"కీబోర్డు ఇచ్చి చూశారా అక్కయ్యా?"

"ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకున్నారు, నాలుగు మీటలు కొట్టారు, పక్కకు తోసేశారు. ఒక్క చేత్తో ఎక్కడ కుదురుతుందే."

కుదరదన్న సంగతి గుర్తులమ్మకు తెలుసు. ఆ గుర్తులు మామూలుగా ఒక్క మీటతో రావు. ఒక మీట ఈ చేత్తో నొక్కి పట్టుకుని, ఇంకోటి ఆ చేత్తో కొట్టాలి. కొన్నింటికి మూడు కావాలి. రెండు చేతులున్నవాళ్ళకే వేళ్ళు మెలిపడతాయి. ఆ పూట ఇంటికి వెళ్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తన ఎడమ చేతి వేళ్ళు మోకాలి మీద ఆడించి చూసుకుంది. ఒక్క చేతికి సరిపోయే కీబోర్డు చేయిస్తే సరి అనుకుంది.

పాత సామాన్ల బజారు వెనక సందులో కీబోర్డులు మాత్రమే అమ్మే కొట్టు ఒకటుంది. నడిపే మనిషిని అందరూ మీటలాయన అంటారు. కొట్టు గోడ నిండా మీటలే, పండ్ల దుకాణంలో పండ్లలాగా బుట్టల్లో పోసి ఉంటాయి. ఆయనకు మాటలకు కరువు లేదు.

"రండమ్మా, రండి. నొక్కి చూడండి, నొక్కడానికి డబ్బులడగను. ఇదిగో ఇవి టిక్కుమనే స్విచ్చులు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే కొనకండి, కాపురాలు కూలిపోతాయి. ఇవి నూనెలో దిగినట్టు జారిపోయేవి. ఇక ఇవి మధ్యరకం. సగం దిగాక చిన్న గడప తగులుతుంది చూడండి, మీట పలికిందని వేలికి తెలిసిపోతుంది, చప్పుడు ఊరికి తెలియదు."

ఆవిడ ఒక్కోటీ నొక్కింది. జారేవి వద్దనుకుంది. పట్టు తప్పిన చేతికి ఎక్కడ పలికిందో తెలియదు. టిక్కుమనే వాటి దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. ఒకసారి నొక్కింది, ఇంకోసారి నొక్కింది. అచ్చం ఆ వడగళ్ళ చప్పుడు. కొట్టులో జనం ఉన్నారన్న సంగతి మర్చిపోయి చాలాసేపు అట్లాగే నొక్కుతూ నిలబడింది.

"ఎవరికమ్మా?" అన్నాడు మీటలాయన.

ఏమనాలి? అన్నా కాదు, తండ్రీ కాదు, స్నేహితుడన్న మాట మాస్టారు వింటే దగ్గుతాడు. ఇంత కాలంలో ఇద్దరూ కలిసి ఒక సినిమాకు వెళ్ళింది లేదు, ఒకరి కష్టం ఒకరికి విడమరిచి చెప్పుకున్నది లేదు.

"మా గదిలో ఆయనకి" అంది చివరికి. అని, ఆ మాట ఎట్లా వినిపించిందో తట్టి, "ఆఫీసు గది" అని కలిపింది.

మీటలాయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. సంగతంతా విన్నాడు. ఎడమ సగం మాత్రమే ఉండే చిన్న కీబోర్డు తీసి ముందు పెట్టాడు. బొటనవేలి కింద ఒకటికి బదులు మూడు మీటలున్నాయి. "దీని లోపల చిన్న బుర్ర ఉంటుందమ్మా. ఏ మీట కొడితే ఏం పలకాలో మీరే నేర్పుకోవచ్చు. ఒక్కో మీటకీ అంతస్తులుంటాయి. బొటనవేలు ఈ మీట మీద ఆనిస్తే కింది అంతస్తు, ఆ మీట మీద ఆనిస్తే పై అంతస్తు. ఒకటే తలుపు, లోపల ముగ్గురు అద్దెవాళ్ళు. స్ప్రింగులు మరీ మెత్తనివి పెట్టకండి, వేళ్ళు ఊరికే ఆనినా పలుకుతాయి."

స్విచ్చులు టిక్కుమనేవే తీసుకుంది. అక్కయ్య క్షమిస్తుందిలే అనుకుంది. మీటల మీద పెట్టే టోపీలకు గుర్తులు అచ్చు వేయించమని కాగితం మీద గీసిచ్చింది.

ఏ గుర్తు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇంట్లో కూర్చుని తల బద్దలు కొట్టుకుంది. ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఒక కుర్చీ మీద తను, ఇంకో కుర్చీ మీద ఉతికి మడతపెట్టని బట్టలు. పూర్తయ్యేసరికి ముచ్చటేసింది. గొడుగు పక్కన బొంగరం. తిప్పేవన్నీ ఒక చోట, కత్తిరించేవన్నీ ఒక చోట. తరచుగా వాడేవి బలమైన వేళ్ళ కింద, అరుదైనవి చిటికెన వేలి కింద. వంటింటి అలమరలో డబ్బాలు సర్దినట్టు సర్దింది. చెల్లెలు ఫోను చేస్తే ఆ సంబరమే చెప్పింది.

"ఆదివారం పూట పార్కుకెళ్ళి నలుగురిలో కూర్చోమని చెప్తే, మీటలు సర్దుకుంటున్నావా అక్కా?" అంది చెల్లెలు. "ఎవరికోసం? ఆ పలకరించని మనిషి కోసమా?"

"పలకరించకపోవడమేంటే. రోజూ పలకరించేవాడు."

"ఏమని?"

"ఉంటాను, పాలు పొంగుతున్నాయి" అని ఆవిడ ఫోను పెట్టేసింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

ఆదివారం మధ్యాహ్నం కీబోర్డూ, తన ల్యాప్‌టాపూ సంచీలో పెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన్ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఒళ్ళో పలక పెట్టి, దాని మీద కీబోర్డు పెట్టింది. టోపీల మీద గుర్తులు తళతళలాడుతున్నాయి. మాస్టారు వాటి వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తి మీటల మీద పెట్టాడు. ఒక వేలు కొట్టింది. తెర మీద బాణం పడింది. ఆయనకు కావలసింది బాణం కాదు. ఇంకో వేలు కొట్టింది, కొక్కెం పడింది. కళ్ళు తెర మీద నుంచి టోపీల మీదకు, టోపీల మీద నుంచి తెర మీదకు పరుగులు పెట్టాయి. ఎన్నడూ చేతుల వైపు చూసి ఎరగని మనిషి, ఒక్కో గుర్తూ వెతుక్కుంటూ, తప్పిపోయిన పిల్లాడిలా తిరుగుతున్నాడు.

"బొంగరం ఇక్కడుందండీ మాస్టారూ. గొడుగు పక్కనే. తేలిక కదా?" అంది ఆవిడ.

ఆయన కొట్టాడు. తప్పు. మళ్ళీ కొట్టాడు. తప్పు. "అదే" అన్నాడు. "అదే, అదే, అదే." పలకను ఎడమ చేత్తో తోసేశాడు. కీబోర్డు దుప్పటి మీద బోర్లా పడింది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఇటువైపు మెడా, ఆ నడినెత్తీ మాత్రం కనిపిస్తున్నాయి. అడ్డుకి ఇవతల నుంచి చూసినట్టే.

వంటింట్లో అక్కయ్య టీ గ్లాసు చేతిలో పెట్టింది. "బాధపడకు చెల్లీ. చెంచా కూడా మొదట్లో ఇట్లాగే విసిరేశారు. మనిషి బుర్ర ముందులా లేదు. నీకు చెప్పలేదు గానీ, చూడు." ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం చూపించింది. "వ్యాయామం చేయించే అమ్మాయి పెన్సిలిచ్చి ఎడమ చేత్తో పేరు రాయమంది. ఏం రాశారో చూడు. ఒక్క అక్షరం నాకర్థమైతే ఒట్టు."

గుర్తులమ్మ చూసింది. గీతలు వంకరగా ఉన్నాయి గానీ పిచ్చిగీతలు కావు. అక్షరాలే. కుడి వైపు మొదలై ఎడమకు పోతున్నాయి, ప్రతి అక్షరం అటు తిరిగి నిలబడింది. ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి, కాగితం ఊడదీసి, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెనక వైపు నుంచి వెలుతురులో పట్టుకుంది. మాస్టారి పేరు. చక్కగా, పొల్లుతో సహా.

"బుర్ర పోలేదక్కయ్యా" అంది. "చెయ్యి మారింది, అంతే. కుడి చెయ్యి కుడికి పోయేది కదా, ఎడమ చెయ్యి ఎడమకి పోతోంది. అద్దంలో చెయ్యిలాగా."

"అంటే?"

"అంటే నేనే తెలివితక్కువదాన్ని."

మాస్టారి వేళ్ళకు గుర్తుల చోట్లు ఎప్పుడో తెలుసు. కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. ఆవిడ తన తెలివి చూపించుకోవడానికి, ఆయన ఇల్లంతా ఖాళీ చేసి కొత్తగా సర్దిపెట్టింది. సొంత ఇంట్లో మనిషికి నీళ్ళ చెంబు దొరక్కుండా చేసింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే, మాస్టారి బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న పాత కీబోర్డు ముందు, ఆయన కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అటు నుంచి మెడ చాచి చూస్తే తన బల్ల వేరేగా ఉంది. తన కుర్చీ పైభాగం, దానికి తగిలించిన ఊలు కోటు, గోడకున్న మేకు. ఇంత కాలం ఆయన చూసింది ఇదన్నమాట. గుడ్డ తీసి, రెండు చేతులూ మీటల మీద పెట్టి, ఒక్కో గుర్తూ ఏ వేలు కొడుతుందో చూసింది. కుడి చూపుడు వేలు కొట్టేదంతా ఎడమ చూపుడు వేలికి, కుడి చిటికెన వేలు కొట్టేదంతా ఎడమ చిటికెన వేలికి. బొటనవేలు ఒక మీట మీద ఆనిస్తే కుడి సగం మొత్తం అద్దంలోలా ఎడమ సగం మీదకొచ్చి కూర్చుంటుంది. ఇంకో మీట ఆనిస్తే అక్షరాలు పోయి గుర్తులొస్తాయి. రెండూ కలిపి ఆనిస్తే కుడి సగం గుర్తులు.

కొత్త మేనేజరు తలుపు దగ్గర ఆగాడు. చదువుకున్న మర్యాదస్తుడు, ఎవర్నీ నొప్పించడు. "ఈ గది మీకు పెద్దదైపోయిందేమో కదండీ. హాల్లోకి వచ్చేస్తారా? అక్కడ నలుగురూ ఉంటారు."

"ఆ నలుగురితో ఏం మాట్లాడాలండీ?" అంది ఆవిడ, నిజంగానే తెలియక.

సాయంత్రం మీటలాయన దగ్గరకు వెళ్ళి గుర్తులు అచ్చేసిన టోపీలన్నీ పీకించేసింది. "ఇంత ముద్దుగా వేయించుకుని తీసేస్తారేంటమ్మా" అని ఆయన లబలబలాడాడు. ఏ గుర్తూ లేని ఉత్త టోపీలు పెట్టించింది. కంటికి పని పెడితే వేలు మర్చిపోతుందని ఆవిడకు తెలిసొచ్చింది. మీటలాయన టోపీలు లాగే చిన్న పటకారూ, విడి స్విచ్చులు కొన్నీ పొట్లం కట్టి ఇచ్చాడు. "ఒక్కోసారి స్విచ్చు చెడితే ఒక్క దెబ్బకు రెండుసార్లు పలుకుతుందమ్మా, నత్తి పట్టినట్టు. అట్లాంటిది కనిపిస్తే లాగి పారేసి కొత్తది పెట్టుకోండి."

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఈసారి మాస్టారు గుర్తులమ్మ సంచీ చూసి ముందే మొహం తిప్పుకున్నాడు. ఆవిడ బతిమాలలేదు. పలక పెట్టి, కీబోర్డు పెట్టి, ఆయన ఎడమ చెయ్యి ఎత్తి మీటల మీద ఆనించింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ముట్టుకోవడం అదే మొదటిసారి. అనుకున్న దానికన్నా తేలికగా ఉంది.

ఆయన గోడ వైపే చూస్తున్నాడు. వేళ్ళు మాత్రం మీటల మీద కొంచెం కదిలాయి, చీకట్లో మన గుమ్మం తడుముకున్నట్టు. ఒక మీట దిగింది. టిక్. ఆ చప్పుడుకు మాస్టారు తల ఇటు తిప్పాడు. తెర మీద గరిటె పడి ఉంది. ఆయన కోరిందే కాబోలు, కళ్ళు దాని మీదే ఆగాయి. తరవాత బొటనవేలు పక్క మీటను వెతుక్కుంది. టిక్, టిక్. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ టిక్. రేకు మీద వడగళ్ళు కావు, వాన వెలిశాక చూరు నుంచి పడే చినుకుల్లా ఉంది. అయితేనేం, ఆ చప్పుడే.

అక్కయ్య గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

ఒక వరస తయారైంది. గుర్తులమ్మ కుడి నుంచి ఎడమకు చదివింది, ఆ భాష అట్లాగే చదవాలి. వయసులు. వాటి ముందు తిరగలి. దాని ముందు ఇంకో తిరగలి. ఒకే గుర్తు రెండుసార్లు పడింది. స్విచ్చు నత్తి పడుతోంది, ఇంకేముంది. ఇంత కష్టపడి ఆయన రాస్తే పాడు సరుకు తెచ్చిపెట్టాను అనుకుని, "ఒక్క క్షణం మాస్టారూ" అని, సంచీలోంచి పటకారు తీసి, ఆ టోపీ లాగి, స్విచ్చు పీకి, కొత్తది గుచ్చింది. వరస చెరిపేసింది. "ఇప్పుడు కొట్టండి."

ఆయన ఆవిడను ఎగాదిగా చూశాడు. మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. చాలాసేపు పట్టింది. మళ్ళీ రెండు తిరగళ్ళు.

"ఇదేం ఖర్మ" అని ఆవిడ మళ్ళీ పటకారు పట్టుకుంది. "స్విచ్చు కాదేమో, కీబోర్డు లోపలే ఉందేమో లోపం. ఆ మీటలాయన్ని..."

మాస్టారి ఎడమ చెయ్యి వచ్చి పటకారు మీద పడింది. గట్టిగా పట్టుకుంది. ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, కీచుమని, తుప్పు పట్టిన గేటు తీసినట్టు. ఆవిడ భయపడింది. అక్కయ్య పరుగున వచ్చింది. చూస్తే ఆయన మొహంలో కదిలే సగం నవ్వుతోంది.

"అదే" అన్నాడు మాస్టారు, తెర వైపు వేలు చూపించి. "అదే."

గుర్తులమ్మ మళ్ళీ చదివింది. వయసుల వరస తీసుకో, తిప్పు, మళ్ళీ తిప్పు, ముందున్న అయిదూ ఇవ్వు. చివర దీపం గుర్తు. దాని వెనక ఖాళీ.

ఆవిడ చేతిలో పటకారు అట్లాగే ఉండిపోయింది. మొదటి రోజు వరస. కొత్త ఉద్యోగం, అరచేతుల్లో చెమట. ఇన్నేళ్ళుగా పొద్దున్నే ఆ అక్కర్లేని ముక్కను పట్టుకోవడమే పనిగా బతికిన మనిషి, ఇవాళ ఎదురుగా పెడితే స్విచ్చు మీద నేరం మోపి, ఆయన మాటను రెండుసార్లు నోట్లోంచి పీకి పారేయబోయింది.

"ఏంటమ్మా, ఏం రాశారు?" అక్కయ్య గాభరాగా అడిగింది. "నా గురించేమైనా ఉందా?"

"లేదక్కయ్యా. నన్ను ఆటపట్టిస్తున్నారు."

"ఇంత కష్టపడి అదా రాసేది" అంది అక్కయ్య. అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గుర్తులమ్మ రెండు తిరగళ్ళూ చెరిపేసింది. దీపం వెనక ఖాళీలో ఏం రాయాలో ఎంతకీ తోచలేదు. చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి గానీ, అవేవీ ఒక ముక్కలో పట్టేవి కావు. చివరికి "టీ చల్లారిపోతోంది" అని రాసింది. మాస్టారు దగ్గాడు. అసలు దగ్గో, పాత దగ్గో ఆవిడ అడగలేదు.

కీబోర్డు అక్కడే వదిలి వచ్చింది. వాళ్ళ కొడుకు వాడి మానేసిన పాత కంప్యూటరుంటే దానికి తగిలించి, అందులో రాసిన వరస ఆఫీసులో తన తెర మీదకు చేరేలా కలిపి, పొద్దున్నే ఏ మీట నొక్కి ఆన్ చెయ్యాలో అక్కయ్యకు చూపించింది. అక్కయ్య, "దీని చప్పుడుకి నాకు పిచ్చెక్కితే నీదే పూచీ" అంది.

మర్నాడు ఆవిడ ఆఫీసుకు ముందుగానే వచ్చింది. గది తలుపు తీసి, ఊలు కోటు కుర్చీకి తగిలించి కూర్చుంది. తెర మీద ఏమీ లేదు. పని మొదలుపెట్టింది. టీ వచ్చింది. పక్క హాల్లోంచి కుర్రాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. ఎండ గోడ మీద నీళ్ళ గొట్టం దాకా వచ్చింది. ఇవాళ రాదేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకుంటుండగా తెర మీద ఒక వరస పడింది.

చప్పుడు లేకుండా పడింది. ఆవిడ అలవాటు కొద్దీ తల ఎత్తి అడ్డు మీదుగా చూసింది. అవతల కుర్చీ వీపు, దాని వెనక గోడ. చప్పుడంతా అక్కడ, ఆ మంచం దగ్గర, అక్కయ్య చెవుల్లో ఉండిపోయింది. వడగళ్ళ కోసం అన్ని బుట్టలూ వెతికి తెచ్చింది తను. వినేది ఇంకొకరు. ఇక్కడికి వచ్చేది వరస ఒక్కటే.

వరస పొట్టిగానే ఉంది. ఒక చోట ఊరికే ఖాళీ మిగిలింది, గుర్తు తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టినట్టుంది. అక్కర్లేని ముక్క వెంటనే కనిపించింది, మునుపట్లా లోతుగా దాచలేదు. ఆవిడ దాన్ని వెంటనే తీసెయ్యలేదు. టీ తాగుతూ కాసేపు చూస్తూ కూర్చుంది. వచ్చిందని చెప్పడానికి గదిలో ఎవరూ లేరు. మేనేజరు వరండాలోంచి పోతూ చెయ్యి ఊపాడు, ఆవిడా ఊపింది.

తరవాత ఆ ముక్క తీసేసి, దీపం వెనక "ఎండగా ఉంది" అని రాసి పంపింది. దగ్గు వినిపించదని తెలుసు. అయినా కాసేపు చేతులు మీటల మీద నుంచి ఎత్తి, ఆగింది. ఆగి, ఆ రోజు లెక్కలు తెరిచింది.